ఇరవై రెండో ఫ్రేము

వల్పరైసోలో కొండ తగలబడిన మర్నాడు
పొద్దున్నే సముద్రం మీంచి మంచు పైకెక్కి వచ్చింది,
దారిలో పొగని తోడు తీసుకుని.
పైకప్పు రేకులు ఇంకా చిటపటమంటున్నాయి.
బూట్లకి తడిగుడ్డ చుట్టుకుని
మాడిన యూకలిప్టస్ మొద్దుల మధ్య తిరుగుతున్నాను.
మనుషుల కోసం కాదు. వెలుతురు కోసం.

ఆమె మెట్ల మీద కూర్చుని ఉంది.
మెట్లే మిగిలాయి. పైన ఇల్లు లేదు.
పక్కన కుక్క, కుక్క మీద బూడిద.
నన్ను చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.
తీశాను.

ఆ చెయ్యి లోకం చుట్టి వచ్చింది.
"గొంతు దాటని ఏడుపు" అని కింద ఎవరో రాశారు,
నేను కాదు, కానీ కాదనలేదు.
బెర్లిన్‌లో గోడంత చేసి వేలాడదీశారు.
ఒకావిడ దాని ముందు నిలబడి నిజంగానే ఏడ్చింది,
నాతో చెయ్యి కలిపితే అరచెయ్యి తడిగా తగిలింది.
బహుమతి డబ్బుతో మావాడి పళ్ళకి క్లిప్పులు వేయించాను.

పదకొండేళ్ళకి మళ్ళీ ఆ కొండెక్కాను,
చంకలో చుట్టిన ప్రింటు.
ఎదువీనా బారియా అంటే దారి చెప్పారు:
పచ్చ తలుపు, భుజంతో తోస్తే గాని రాదు.
టీ పెట్టింది. రొట్టె చీల్చి అవకాడో మెదిపి రాసింది.
నేనెవరో చెప్పాక కూడా
కప్పు వెనక్కి తీసుకోలేదు.

బొమ్మని బల్ల మీద పరిచి
చుట్టుకుపోకుండా మూలల్లో చెంచాలు పెట్టాం.
చాలాసేపు చూసింది. తనని కాదు, వెనకాల.
"ఈ మెట్టు మా ఆయన పోశాడు, వంకర. చెప్తే విన్నాడా?"
తర్వాత ఆ చేతి మీద వేలు పెట్టి నవ్వింది.
"ఏడవలేదయ్యా.
కట్టుడు పళ్ళు గ్లాసులోనే ఉండిపోయాయి, ఇంట్లో.
బోసినోటితో ఫొటో ఏమిటని మూసుకున్నాను.
వద్దు అని కూడా అన్నాను.
పళ్ళు లేని నోట ఆ 'ద్దు' పలకదు కదా,
గాలే వస్తుంది."

టీలో చక్కెర కలిపాను.
కలిపిందే మళ్ళీ కలిపాను.

అది ఇరవై మూడో ఫ్రేము.
ఇరవై రెండోది ఇంతవరకూ ఎవరికీ చూపించలేదు.
అందులో చెయ్యి ఇంకా గడ్డం దాకానే వచ్చింది,
కళ్ళు సూటిగా నన్నే చూస్తున్నాయి,
పెదవులు ఆ మాట దగ్గరే తెరుచుకుని ఉన్నాయి.
వినపడలేదని చాలామందికి చెప్పాను.
చెవులతో పనేముంది, చూడ్డమే కదా నా వృత్తి.

నిరుడు ఒక కాలేజీలో
ఓ కుర్రాడు లేచి, హద్దు ఎక్కడ సార్, అన్నాడు.
వీధి అందరిదీ, అన్నాను. చప్పట్లు కొట్టారు.
తలుపు కాలిపోయినవాళ్ళకి
వీధి ఎక్కడ మొదలవుతుందో చెప్పలేదు.

"ఇది నాకేనా?" అంది.
"మీకే."
సొరుగులోంచి చేపలు కోసే కత్తెర తెచ్చింది.
నా చెయ్యి లేచింది, గడ్డం దాకా.
ఆమె కుక్కని కత్తిరించుకుంది,
చెవి దగ్గర మరీ జాగ్రత్తగా, నాలుక బయటపెట్టి.
"పెలూదో. పద్నాలుగేళ్ళు బతికాడు.
వీడి ఫొటో ఒక్కటీ లేదు నా దగ్గర."
ఫ్రిజ్ మీద, గ్యాస్ బిల్లు పక్కన
అయస్కాంతం కింద నిలబెట్టింది.
మిగతాది చుట్టి నా చేతికిచ్చింది,
వెళ్తూ వెళ్తూ తొక్కలు పారేయమన్నట్టు.

తాడు లాగే పెట్టెబండిలో కిందికి దిగుతున్నాను.
ఎదురు బెంచీ మీద ఒక వెల్డరు నిద్రపోతున్నాడు,
నోరు తెరిచి, ఒళ్ళో అన్నం డబ్బా.
చెక్క సందుల్లోంచి ఎండ
చారలు చారలుగా అతని ముఖం దిగుతోంది.
నా వేలు దానంతటదే బటన్ దగ్గరికి పోయింది.

వెలుతురు మాత్రం చాలా బాగుంది.
అబద్ధం ఎందుకు.