నాలుగో అంకె

పాతికేళ్ళ జీడి పనికి
నా పదేళ్ళూ అరిగిపోనాయి.
సేతి ఏళ్ళు బాబూ, వయసేళ్ళు కావు.
తొక్కలో సమురు తినీసింది గీతల్ని.
బూడిద రాసినా, ఆముదం పూసినా
అది తినీది తింటానే ఉంటాది.

కాశీబుగ్గ బ్యాంకులో ఏలు పెట్టమంటారు.
పెడతాను. ఎర్ర దీపం.
తుడిసి పెట్టమంటారు. ఎర్ర దీపం.
నిమ్మసెక్క రుద్దుకొని రమ్మన్నాడొక బాబు.
రుద్దుకొని ఎల్లినాను. ఎర్ర దీపమే.
నా డబ్బు ముందర నించొని
నాను నానేనని సెప్పడానికి
నా సెయ్యే నాకు సాచ్చీకం పలకలేదు.
ఆ పూట కూలి పోనాది,
రానూపోనూ ఆటోకి నలభై.

మా ఆడపడుసు కూతురు రోహిణి
పొయ్యి పక్కన కూకోబెట్టి ఫోను నేర్పింది.
నాలుగంకెలు అనుకో అత్తా,
వరసంకెలు ఒద్దు, పుట్టిన్రోజు ఒద్దు
(నాకు తెలిస్తే కదా),
గోడ మీద రాయొద్దు, మావకి సెప్పొద్దు,
నాకూ సెప్పొద్దు, అని అటు తిరిగి కూకుంది.

అనుకున్నాను.
దేన్నిబట్టి అనుకున్నానో మీకూ సెప్పను.
యాభై రెండేళ్ళకి
నాకంటూ ఒక గది కట్టుకున్నట్టుంది.
నాలుగంకెల గది, బుర్ర నోపల.

శనివారం మేస్త్రీ కూలేస్తే టింగుమంటాది.
పీట మీంచి లెగకుండానే
టెక్కలి ఆస్పత్రిలో ఉన్న తమ్ముడికి అయిదొందలు,
కరెంటోళ్ళకి మూడొందల పన్నెండు.
కొంగుముడి ఇప్పీవోడు
ఇప్పుడు ఇప్పుకోమను, అందులో వక్కే ఉంటాది.

ఆషాడంలో ఒక రోజు,
వాన, గింజలు మెత్తబడిపోయి పని సాగట్లేదు,
ఫోనొచ్చింది.
"దమయంతి గారూ" అన్నాడు.
ఒలమ్మ, పుట్టి బుద్ధెరిగి
నా పేరు పక్కన గారు ఎవులు పెట్టినారు?
తుపాను సాయమంట. పద్దెనిమిది వేలంట.
మా రేకులెగిరిపోయి ఎన్నాళ్ళైందో
ఇన్నాళ్ళకి గుర్తొచ్చినానంట.
ఫోన్లో ఒకటి వస్తాది, ఒప్పుకోండి,
మీ నంబరు నొక్కండి,
తొందరగా నొక్కండి, టైమైపోతంది.

ఒకటి నొక్కినాను.
రెండు నొక్కినాను.
మూడు నొక్కినాను.

తొందరగా, అన్నాడు మళ్ళీ.

ఆ మాటకి నా సెయ్యి ఆగిపోనాది.
బుర్ర కాదు, సెయ్యి.
జీడిగింజని తొందరలో ఒత్తితే
పప్పు బద్దలైపోతాది.
గుండుకి ఒక రేటు, బద్దకి ఒక రేటు;
పాతికేళ్ళు ఆ నెక్క మీదే బతికిన సెయ్యి.

అప్పుడు బుర్ర కూడా లేసింది.
బస్తా దింపీవోడు
నా పెట్టె తాళం అడుగుతాడేటి?
వొచ్చీ డబ్బుకి తాళమెందుకు?

"బాబూ, మా రేకులు ఏ పక్కకి ఎగిరినాయో సెప్పు,
నొక్కుతాను" అన్నాను.
ఊరుకున్నాడు.
తరవాత నా తల్లిని తిట్టినాడు.
గారు రాలిపోనాది తొక్కలాగ.

పందొమ్మిది ముప్పైకి రోహిణి చేత ఫోను సేయించినాను.
నంబరు రాసుకున్నారు.
దొరికినాడో నేదో నాకు తెలీదు.

పక్క పీట కొర్లమ్మ
గింజ కొడతన్నది కొడతన్నట్టే ఆగి
మెల్లిగా అంది:
"నాను నాలుగోది కూడా నొక్కీసినానే.
మొన్న ఏసంగిలో. పదకొండు వేలు.
ఎవులికీ సెప్పలేదు, నవ్వుతారని."
ఎవులూ నవ్వలేదు.
పద్నాలుగు పీటల మీద
గింజల సప్పుడు కాసేపు నేదు.

ఫోను ఇప్పటికీ ముందు నా ఏలే అడుగుతాది.
పోల్చుకోలేదు. పోన్లే.
కొంగు అడ్డం పెట్టుకొని నొక్కుతాను,
ఒకటి, ఒకటి, ఒకటి,
మెల్లిగా,
పప్పు బద్దలవకుండా.