అనుమానం

నారిన్ సంతలో బంగాళదుంపల బస్తా మీద కూర్చుని
బురుల్చా మాటల్ని తూకం వేస్తోంది.

"డీజిల్ పెరిగితే కిరాయి పెరుగుతుంది."
పోయిన శీతాకాలం తాలాయ్ అన్న మాట.
డీజిల్ పెరిగింది.
బస్తాకి ఇరవై సోమ్‌లు ఎక్కువిచ్చింది, కిక్కురుమనకుండా.
అది న్యాయమే.

ఇప్పుడు డీజిల్ దిగింది.
కిరాయి మాత్రం దోలోన్ కనుమ ఎక్కి కూర్చుంది,
మంచు కరిగినా దిగి రాదు.

"తగ్గితే తగ్గిస్తానని నేనన్నానా?"
లారీ అద్దం తుడుస్తూ తాలాయ్.
అనలేదు.
ఆ రెండో సగం తన మనసే అల్లుకుంది,
ఒంటిచేతివాడికి రెండో చేతితొడుగు అల్లినట్టు.

ఉన్ని టోపీలమ్మే జుమాదిల్, ఒకప్పటి బడిపంతులు,
మాంసం కాల్చే పొయ్యి వైపు గడ్డం ఎగరేశాడు:
"పొగ ఉంటే నిప్పుంటుంది తల్లీ.
ఆ బొగ్గులు చూడు,
కణకణలాడుతున్నాయి, పొగేది?"

చాలాసేపు చూసింది.
చేతులు కూడా కాచుకుంది.

"తాలాయ్, బండి నిండితే
బస్తాకి పదిహేను తగ్గిస్తానన్నావు.
అన్నావా?"
"అన్నాను. నిండితే కదా!"

ఆమె ఈల వేసింది.
క్యారెట్ బస్తాలు ఈడ్చుకుంటూ ముగ్గురు,
ఉల్లిపాయలతో ఒక మేనత్త,
ఎవరిదో కుట్టుమిషను.
వెనక తలుపు మూయడానికి ఇద్దరు భుజాలు ఆనించాల్సొచ్చింది.

తాలాయ్ నోరు తెరిచాడు. మూశాడు.
డబ్బులు లెక్కపెట్టి వెనక్కిచ్చాడు.

లారీ కనుమ వైపు కదిలింది,
నల్లగా పొగ వదులుతూ.
లోపల నిప్పుందనడంలో అనుమానం లేదు.
ఉన్నదంతా అనుమానమే.