రాసి పలకనివి

మూడు లాంతర్ల దగ్గర దాలినాయుడి ప్రెస్సులో
శుభలేఖలు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు
కంప్యూటరు మీద కూర్చేదాన్ని.
ఆషాఢం. పెళ్లిళ్లు లేవు.
గొడుగు మడిచి గుమ్మంలో ఆనించి
పారినాయుడు మాస్టారు సంచిలోంచి తీశారు
నూట పన్నెండు కాయితాలు, చేతిరాత.
హ్మోంగ్ భాషకీ జోంఖా భాషకీ పోలిక.

"ఎవులు మాటాడతారండీ ఇవి?"
"ఈ జిల్లాలో ఎవరూ మాట్లాడరు."
"మరెవులు కొంటారండీ?"
"వాళ్లే."
దాలినాయుడు అడ్వాన్సు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

జోంగ్ అంటే కోట. ఖా అంటే నోరు.
భూటాన్‌లో కోట నోటి మాట అది.
మాకూ ఉంది కోట, నడిచి వెళ్లేంత దూరంలో,
దాని మాట ఎలా ఉండేదో
పక్క వీధివాళ్లకీ గుర్తులేదు.

హ్మోంగ్ వాళ్లకి కోట లేదు.
కొండ మారినప్పుడల్లా
విత్తనాలతో పాటు మాటనీ మూట కట్టుకున్నారు.
వాళ్ల పుస్తకాన్ని గుర్రం తినేసిందట.
ఆడవాళ్లు గుర్తున్నంత మేరకు
లంగా అంచుల మీద కుట్టుకున్నారట.
"కథ ఇది, సాక్ష్యం కాదు" అని మాస్టారు కింద రాశారు.
నేను మాత్రం ఆ రోజంతా గుర్రం గురించే ఆలోచించాను,
ఎంత ఆకలేసి ఉంటుందో దానికి.

జోంఖాలో ఎనిమిది రాయాలంటే
బ, ర, గ, య, ద,
సగం ఒకదాని నెత్తిన ఒకటి.
ఇంతా పేర్చి నోటితో అనేది "గే".
నేను "గే" అని కూర్చి ఊరుకున్నాను.
హ్మోంగ్‌లో "పో" చివర ఒక జి ఉంది.
పలకదని ఆయనే రాశారు కదా,
అదీ పీకేశాను.

ప్రూఫు ఎర్రగా తిరిగొచ్చింది.
"అమ్మాయ్, నానమ్మని ప్లీహం చేసేశావు."

ఊరికే "పో" అంటే కడుపులో ప్లీహం.
పైకెత్తి అంటే బంతి.
దించి అంటే ముల్లు.
దించి, గొంతు చటుక్కున మూస్తే చూడటం.
ఊపిరి కలిపి, బరువు దించుకున్నట్టు అంటే
నాన్నకి అమ్మ.
ఆ చివరి జి గొంతుకి దారి చూపించే వేలు, అన్నారు.

"మరి జోంఖాలో బ, ర?"
"ఒకప్పుడు పలికాయి. ఇప్పుడు పలకవు.
మీ ఇంట్లో ముత్తాత పటం మాట్లాడుతుందా?
మేకు పీకేస్తావా?"

మా మామ్మ తవిటమ్మ కూడా అనేది, పో.
బడికి తోలినప్పుడు ఒకటి.
చేపల గంప దగ్గర బేరం తెగనప్పుడు ఒకటి.
తాత బొబ్బిలి ఆసుపత్రిలో పోయాడని
కబురు తెచ్చిన కుర్రాడితో ఒకటి.
తట్ట ఒళ్లోనే ఉంది, బియ్యంలో రాళ్లు ఏరుతోంది,
తల ఎత్తలేదు.
"పో" అంది.
ఆ మూడోది నేనెలా కూర్చను?
దాని పక్కన పెట్టడానికి నా కీబోర్డులో ఏముంది?

తెలుగు అన్నట్టే రాస్తాం, రాసినట్టే అంటాం
అని చెప్పిన మేస్టారే
"నాను" అని రాసినందుకు
అరచెయ్యి తిప్పి కొట్టారు.
గజపతినగరం, అయిదో తరగతి.
ఆ తర్వాత "నేను" అని రాయడం నేర్చుకున్నాను.
మామ్మతో ఎప్పుడూ అలా అనలేదు.

నిన్న ఆఖరి పేజీ.
ముద్రణ: దాలినాయుడు ఆఫ్‌సెట్ ప్రింటర్స్,
మూడు లాంతర్లు, విజయనగరం.
వెనకాల దాలినాయుడు ఫోన్లో ఎవరికో దారి చెబుతున్నాడు,
"ఆఁ, ఇజీనగరమే, ఇజీనగరమే,
లాంతర్లకాడ దిగిపో."

తెర మీద వేలు పెట్టి చూశాను.
వ ఉంది. య ఉంది.
ఇన్నేళ్లుగా కూరుస్తున్నాను,
ఈ గదిలో వాటిని ఎవరూ పలకలేదు.
కోట కట్టినవాళ్ల పటాలు,
మేకులకి అలా వేలాడుతూ.

మాస్టారికి చెబుదామని ఫోను తీస్తే
కరెంటు పోయింది.
పేజీ సేవ్ చెయ్యలేదు.
"పో" అన్నాను చీకట్లో.
ఏ పోవో నాకే తెలీలేదు.