పులితేన్పుల ఖరీదు

పోర్టోలో మమ్మల్ని పేగులు తినేవాళ్ళంటారు.
ఎప్పుడో మాంసమంతా ఓడలకెక్కించి
మిగిలిన పేగుల్తో ఊరు కుండ పెట్టుకుందట.
అందుకే కాబోలు
ఇక్కడ కడుపు గురించి మాట్లాడ్డానికి ఎవరూ సిగ్గుపడరు.

నా పని దానికి ధర కట్టడం.

ఆసుపత్రి వెనక నాలుగో అంతస్తు,
నది సగమే కనిపించే గది.
కాగితం మీద మూడు వరుసలు:
రోజూ తప్పకుండా ఒక ఒమెప్రజోల్,
ముందు ఫామోటిడిన్‌తో మొదలెట్టి, లొంగకపోతే పై మెట్టు,
మంట లేచినప్పుడే ఒక గోళీ, ఆ తర్వాత మర్చిపోవడం.
పక్కన యూరోలు, సెంట్లు,
గొంతులోకి దించే కెమెరాకి ఇంత,
డాక్టరు తల పంకించిన పది నిమిషాలకి ఇంత.
చివరి గడిలో
మంట లేకుండా తెల్లారిన రాత్రులు.

రాత్రుల్ని కూడతాను. భాగిస్తాను.
ఒక నిద్ర, నలభై ఒక్క సెంట్లు.
కాఫీ కన్నా చవక అని రాసి కొట్టేశాను,
నివేదికల్లో ఉపమానాలుండవు.

గెలిచింది మూడో వరుస.
తక్కువ గోళీలు, దాదాపు అంతే సుఖం.
కమిటీలో అదెరీతు గారు కళ్ళద్దాలు తుడుచుకుని
"అవసరమైనప్పుడే. ఎంత తెలివైన రోగులు!" అన్నారు.
అందరం నవ్వాం.
నేనూ నవ్వాను, అది దాచను.

మా భవనం మెట్లు కడిగే జుల్మీరాకి
వంగితే చాలు, పులుపు గొంతు దాకా పాకుతుంది.
ఆరు అంతస్తులు, నూట పద్ధెనిమిది మెట్లు,
ఒక్కో మెట్టుకీ ఒక వంగడం.
"పొద్దున తిన్నది మూడో అంతస్తులో
మళ్ళీ పలకరిస్తుందమ్మా" అంటుంది
బకెట్లో గుడ్డ పిండుతూ.
రాత్రి పడుకుంటే నిప్పు నెత్తికెక్కుతుందని
మంచం తలవైపు రెండు ఇటుకలు పెట్టుకుంది,
హోటల్ కడతామని పక్కిల్లు కూల్చినప్పుడు
ఏరుకున్నవి.
నా పట్టికలో ఇటుకలకి గడి లేదు.

గోళీ ఎప్పుడు వేసుకుంటావని అడిగాను.
అడక్కుండా ఉండాల్సింది.

"నెలకో పెట్టె రాశారు. నేను రెణ్ణెల్లు లాగుతాను.
ముందు మా ఆయన ఊపిరి మందు,
తర్వాత అద్దె,
తర్వాత నేను.
సోమవారం వేసుకుంటే మంగళవారం ఓర్చుకుంటాను,
మరీ గుండె పట్టేస్తే సగం కొరుకుతాను."
కొరక్కూడదు, అది కొరికే గోళీ కాదు
అని చెప్పబోయి, నోరు మూసుకున్నాను.

పైకొచ్చి పాత ఫారాలు తీశాను.
రెండువందల పన్నెండో వరుస:
స్త్రీ, యాభై ఎనిమిది, పారిశుధ్య పని,
నెలకి పద్నాలుగు గోళీలు,
పద్ధతి: అవసరమైనప్పుడే.
తృప్తి: బాగుంది.

బాగుందని ఎందుకు రాయించావంటే
నవ్వింది.
"ఆ కుర్రాడు ఆరంతస్తులూ ఎక్కి వచ్చాడు పాపం.
బాగాలేదని ఎట్లా పంపించను?"

కడుపులో చల్ల కదలకుండా కూర్చుని
నేను కొలిచింది
ఆమె తెలివా, ఆమె జేబా?
ఇలాంటి వరుసలు ఇంకెన్నో?
మంట లేనప్పుడు మానేసినవాళ్ళూ
డబ్బు లేనప్పుడు మానేసినవాళ్ళూ
ఒకే గడిలో, ఒకే అంకెలో
ఒద్దికగా కూర్చుని ఉన్నారు.

పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం చేర్చాను.
అచ్చులో అది లేదు. స్థలం చాల్లేదన్నారు.

ఆ రాత్రి పేగుల కూర, తెల్ల చిక్కుళ్ళు, ఒక గ్లాసు వైను.
రెండింటికి మెలకువ వచ్చింది,
రొమ్ము ఎముక వెనక అగ్గిపుల్ల గీసినట్టు.
సొరుగు లాగాను.
ఎన్నున్నాయో చూడకుండానే
ఒకటి మింగాను.

పొద్దున మెట్ల మీద బకెట్ పిడి చప్పుడు.
నన్ను చూసి నడుం నిమురుకుంటూ లేచి
గోడకి ఒత్తిగిలి దారిచ్చింది:
"అంచున నడవండమ్మా, తడిగా ఉంది."