చేతిరాత పదకోశం

లేబర్ కాలనీల మా పెదబాపు గాదె సారంగం
ఆజంజాహి మిల్లుల ఫిట్టరు.
ఆయన పోయినంక, రేకు సందుగల
స్వెటరు కింద లెక్కల పుస్తకం దొరికింది.
అప్పుల చిట్టా అనుకున్న.
అన్నీ మాటలు. పక్కన అర్థాలు.

బాల్కన్: టర్కీ మాట. చెట్లున్న గుట్టలు.
మన ములుగు దిక్కువి అసుంటివే.
టిటో: తాళాల పని నేర్చినోడు.
స్టాలిన్ వేసిన తాళంల ఇమడలే.
హోజా: దేశమంత సిమెంటు బంకర్లు.
దండెత్తి ఎవ్వలూ రాలే.

చిన్నప్పుడు అడిగిన,
బాల్కన్ అంటే టాకీసుల బాల్కనీయేనా అని.
పొట్ట పట్టుకొని నవ్విండు:
‘చౌషెస్కుకు మాత్రం అదే బిడ్డా,
బాల్కనీల నిలబడ్డోన్ని
కింది జనం అరిచి ఆపిండ్రు.’

స్వయం నిర్వహణ: మిల్లును పనోళ్ళే నడుపుకొనుడు.
కింద రెండు గీతలు, మీద గ్రీజు వేలిముద్ర.
మిల్లు మూతపడ్డ తారీఖు ఎక్కడా రాయలే.
ఇప్పుడక్కడ ప్లాట్ల హద్దురాళ్ళు.

యుగోస్లావియాకు అర్థం
నాలుగుమార్లు రాసి కొట్టేసిండు.
అయిదోది పెన్సిలుతోని,
రబ్బరుకు ఇంకా పని ఉంటదని.

ఆఖరు పేజీల ‘కామ్రేడ్’.
అర్థం లేదు. మూడు పేర్లు, టోకెన్ నంబర్లు:
కందగట్ల ఓదెలు, 412.
మహబూబ్ షరీఫ్, 977.
చింతం కొమురమ్మ, నంబరు చెమ్మకు అలికిపోయింది,
పక్కన చిన్నగ: చాయ బాకీ, రెండు రూపాయలు.

ఆమె ఉర్సుగుట్ట కాడ ఉంటదని ఎవరో అన్నరు.
బిళ్ళ జేబులేసుకొని
బండి తీసిన.