విడిపించని చీటీలు

కేన్వాసు కోసం వెతకలేదు.
పెరంబూరులో మా పాత రైల్వే క్వార్టర్సు కూలుస్తుంటే
వంటింటి అలమర తలుపొకటి
ఆటోలో అడ్డంగా పెట్టుకుని తెచ్చాను.
నూనె చేతుల మరకలు ఇంకా ఉన్నాయి దాని మీద.
తాళంకప్ప ఊడిన బెజ్జం ఉంది.
మా ఎత్తులు కొలిచిన పెన్సిలు గీతలున్నాయి,
యూనీకే గీత నాకంటే అంగుళం పైన.

ముందు ఫెవికాలు, సుద్దపొడి.
ఆ మీద చిక్కటి టీ డికాక్షన్ పూత.
పాతబరచాల్సిన అవసరం లేదు వీటిని,
అయినా పూశాను, చెయ్యి ఊరుకోక.

తర్వాత చీటీలు.
పదమూడు.
జమాలియా మలుపులో సేటు కొట్టువి,
గులాబీ రంగు కాగితం, కార్బను మసి, అరవ రాత:
కమ్మలు ఒక జత.
ఇత్తడి బిందె ఒకటి.
కుట్టుమిషను, కాలితో తొక్కేది, ఒకటి.
కింద ఏసుపాదం, ఫిట్టరు, అని
మా నాన్న సంతకం
నెలకో రకంగా వణికింది.
అమ్మ వాటిని బైబిలు అట్టలో దాచింది,
గడువు దాటాక కూడా,
వడ్డీ అసలును మింగేశాక కూడా.

అయ్యగారు పుల్పిట్ మీద విమోచన అన్నప్పుడల్లా
నాకు పరలోకం కనబడేది కాదు,
సేటు కొట్టు ఇనప కటకటాలు కనబడేవి.
విడిపించడమంటే మా ఇంట్లో
ఒకటో తారీకు మాట.
ఎవరో వెల కట్టాలి.
ఎవరో ఎండలో నిలబడాలి.
అప్పుడు మన వస్తువును మనకే
పరాయి గుడ్డలో చుట్టి ఇస్తారు.
మాకు ఒక్కసారీ ఇవ్వలేదు.

ఇక పళ్లెం.
నీలం పువ్వుల పింగాణీ,
మిషను ఆసుపత్రి నర్సమ్మ అమ్మ పెళ్లికి ఇచ్చింది.
మట్టల ఆదివారం ముందటి రాత్రి పగిలింది.
ఎలా పగిలిందో ఇక్కడ పెట్టను.
పొద్దున్నే నాన్నే గొంతుక్కూర్చుని ముక్కలేరాడు,
వేలు తెగితే
తెగిన వేలు నోట్లో పెట్టుకున్నాడు
పసిపిల్లాడిలా.
అది చూసి ఉండకపోతే
ఆయన్ని ద్వేషించడం ఎంత సులువయ్యేదో.

ముక్కల్ని గుండ్రంగానే పేర్చాను
కానీ దగ్గరికి నొక్కలేదు.
ముక్కకీ ముక్కకీ వేలెడు ఎడం.
ఆ సందుల్లో తగరం కరిగించి పోశాను,
ఓటేరిలో సత్తుగిన్నెలకు మాట్లు వేసే
ముసలాయన దగ్గర కొన్నది.
"గిన్నెకైతే నీళ్లు పోసి చూస్తాం,
దీన్లో ఏం పోసి చూస్తావమ్మా?" అన్నాడు
అరవం కలిసిన తెలుగులో.

శ్రమల దినాల్లో గుడి హాల్లో పెట్టనిచ్చారు,
కుర్చీలు పేర్చే మూల,
గోడకు ఆనించి.
సంఘపెద్ద ఒకాయన కళ్లజోడు సర్దుకుని
"సిలువేదమ్మా ఇందులో?" అన్నాడు.
చెప్పలేకపోయాను.
తలుపు వెనకాల ఉంది,
పలకలు విడిపోకుండా వడ్రంగి కొట్టిన
నిలువు చెక్క, అడ్డ చెక్క.
తిప్పి చూపిస్తే ముందున్నది పోతుంది.

ఉపవాస ప్రార్థన అయ్యాక అమ్మ వచ్చింది
డెబ్బై దాటిన మోకాళ్లతో, గోడ పట్టుకుంటూ.
చీటీలు చదవలేదు.
కమ్మల చీటీ మీద మాత్రం చెయ్యి పెట్టి
రెండో చేత్తో చెవి తడుముకుంది.
యూనీకే గీత దగ్గర కాసేపు ఆగింది.
తర్వాత పళ్లెంలో,
సరిగ్గా తాళంకప్ప బెజ్జం దగ్గర,
ముక్క లేని చోటు చూసి
"ఇది దొరకలేదన్నాడా మీ నాన్న?"
అని నవ్వింది.

ఉప్పుజాడీ మీద మూత.
ముప్పై ఐదేళ్లుగా అదే.
కూర కలిపినప్పుడల్లా నేను తీసి పెట్టిందే,
అడుగున నీలం పువ్వుందని
ఒక్కనాడూ తిప్పి చూడలేదు.

"ఇస్తావా?" అన్నాను.
"ఇస్తే ఉప్పు చెమ్మెక్కిపోదూ!"

ఆ చోటలాగే వదిలేశాను.
వంగి చూస్తే అందులోంచి
గుడి గోడ కనబడుతుంది,
మొన్నటి వానకు సున్నం ఉబ్బి
ఇంకా రాలని చోట.