మూడో కుర్చీ

ఆ కుర్చీ లాగి వేసింది నేనే.
ముందు అది చెప్పాలి.

నవంబరు. డులూత్‌లో సరస్సు మీది గాలి
వాళ్ళిద్దరికంటే ముందే నా ఆఫీసులోకి వచ్చేసింది.
ఐలీ కంగస్, అరవై నాలుగేళ్ళు, ఒళ్ళో చేతిసంచి.
వెనకాల పక్కింటి వెర్నా,
ఇద్దరి కోట్లూ తనే మోస్తూ.
"ఈవిడ కూడా కూర్చుంటుంది" అంది ఐలీ.
కూర్చోమన్నాను. కాఫీ పోశాను.
ఆరు చెవుల పడ్డ మాట దాగదని
లా కాలేజీలో చేరిన ఏడాదే చదువుకున్నవాణ్ణి.
చలికి ఎర్రబడ్డ ఆ ముక్కుల్ని చూసి
మర్చిపోయాను.

"పడవ అమ్మిన డబ్బులో సగం
తమ్ముడిదని చెప్పే పోయాడు నాన్న.
నా చెవులతో విన్నాను.
కాగితం మీద లేదుగా?"
లేదన్నాను.
పసుపు పుస్తకంలో రాసుకుని కింద గీత గీశాను.
వెర్నా ఆమె మణికట్టు వదల్లేదు.

వేసవికి రేయినో దావా వేశాడు.
అతని ప్లీడరు కుర్రాడు, టై వంకర, బుర్ర వంకర కాదు.
"మీ నాన్న ఏమన్నాడు?" అని నేరుగా అడిగాడు.
అడగొచ్చు.
నాతో చెప్పిన మాటకే తాళం,
జరిగినదానికి ఏ తాళమూ లేదు.
"గుర్తు లేదు" అంది ఐలీ.
నేను కిటికీ వైపు చూశాను.
ఇనుపరాయి నింపుకున్న ఓడ ఒకటి
వంతెన కిందికి వస్తోంది, చాలా నెమ్మదిగా.
అది పూర్తిగా దాటేదాకా చూశాను.

అప్పుడా కుర్రాడు వెర్నా పేరు రాసుకున్నాడు.

గోప్యత అన్నాను. వకీలు గది అన్నాను.
జడ్జి ఓస్ట్‌బీ కళ్ళద్దాలు తీసి
నన్ను కాదు, ఐలీని అడిగింది:
"మీకు వినికిడి తక్కువా?
భాష ఇబ్బందా?
ఆమె మీకు చెవిగా వచ్చిందా, నోరుగా వచ్చిందా?"

ఒక్క 'అవును' చాలు.
ఆ వయసులో ఎవరూ కాదనరు.
గుర్తు లేదన్న ఆ మనిషే
ఇక్కడ మాత్రం తల ఎత్తి చెప్పింది:
"నాకు బాగానే వినపడుతుంది.
భయమేసి తోడు తెచ్చుకున్నాను."

చట్టంలో చెవుడుకి కుర్చీ ఉంది.
భయానికి లేదు.

వెర్నా చెప్పింది. నాలుగు నిమిషాలు పట్టింది.
పడవ, సగం, కాగితం, నా 'లేదు'.
కాఫీ బాగుందని కూడా చెప్పింది,
ఎవరూ అడక్కుండానే.
ఐలీ ఆమెనే చూస్తూ కూర్చుంది,
పసిపిల్లకి ఇంజెక్షన్ ఇస్తుంటే చూసినట్టు.

రేయినోకి రావాల్సింది వచ్చింది.
ఓడిపోయిన కేసు తలుచుకుని
హాయిగా నిద్రపోయిన రాత్రి నాకు అదొక్కటే.
ఆ మాట ఐలీకి చెప్పలేను.
ఇక్కడ రాస్తున్నాను.

బిల్లు కట్టడానికి ఒక్కతే వచ్చింది.
కింద కారు ఇంజను ఆపకుండా వెర్నా.
"లోపలికి రమ్మను" అన్నాను.
"రాదు" అంది, చెక్కు మీద సంతకం చేస్తూ.
"నువ్వు నోరు విప్పితే
తను వినకూడదట."

ఇప్పుడు నా గదిలో రెండే కుర్చీలు.
మూడోది నడవాలో, హీటరు పక్కన.
దాని మీద రోజూ ఎవరో ఒకరు
ఎవరిదో కోటు ఒళ్ళో పెట్టుకుని
మూసిన తలుపుకేసి చూస్తూ ఉంటారు.